ఐ-లీగ్ మొదటి అంచెదా, రెండో అంచెదా? తాతామనవళ్ల పందెం తేల్చండి

హనుమకొండ వాస్తవ్యుడు
అందరికీ నమస్కారం. మా ఇంట్లో నాలుగు రోజులుగా ఒక పంచాయితీ నడుస్తోంది. తీర్పు మీరే చెప్పాలి.

మా బాపు కాజీపేట లోకోషెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. మా వాడు తొమ్మిదో తరగతి. బడి నుంచి రాగానే సంచి అరుగు మీద పడేసి ఫుట్‌బాల్ ఆడటానికి రైల్వే గ్రౌండుకు పరుగు. మొన్న అన్నం తినేటప్పుడు, "ఐ-లీగ్ దాకా ఆడితే చాలురా, దేశంలో అంతకు మించిన లీగ్ లేదు" అన్నారు బాపు. "అది రెండో అంచె తాతా, పైన ఇంకోటుంది" అన్నాడు వీడు. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఓడినవాళ్లు కొత్త బూట్లు కొనాలట. వాడు ఓడితే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

బూట్లు మాత్రం నిజంగానే కావాలి. కుడికాలి బూటుకు ముందు రెండు స్టడ్స్ ఊడిపోయాయి. అట్ట నోరు తెరిస్తే సైకిల్ ట్యూబు ముక్క కోసి, పైనుంచి రబ్బరు బ్యాండులా తొడిగి ఆడుతున్నాడు. మా గ్రౌండులో సగం మొరం. ఆ ట్యూబు కూడా వారానికొకటి తెగుతోంది.

ఇంతకీ ఎవరు గెలిచినట్టు?

లెక్కల మాస్టారు
ఇద్దరూ గెలిచారు. ఏ సంవత్సరం గురించి మాట్లాడుతున్నామన్నదే తేడా.

మన దేశంలో జాతీయ స్థాయి లీగ్ మొదలైంది 1996 డిసెంబరులో. పేరు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్. దానికి కింద రెండో డివిజన్ మరుసటి సీజన్లో, అంటే 1997-98లో వచ్చింది. 2007లో పాత లీగ్ స్థానంలో ఐ-లీగ్ పెట్టారు. దాని రెండో డివిజన్ 2008లో మొదలైంది. తొలిసారి గెలిచింది ముంబై ఎఫ్‌సీ. అప్పటి లెక్కన మీ బాపు మాట అక్షరాలా నిజం. పైది ఐ-లీగ్, కిందది రెండో డివిజన్.

2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) వచ్చింది. మొదట్లో అది రెండు మూడు నెలల ముచ్చట. ఆటగాళ్లు అక్కడ ఆడి, తిరిగొచ్చి ఐ-లీగ్‌లో ఆడేవారు. 2017-18 నుంచి రెండూ ఒకే కాలంలో నడిచాయి. 2019 అక్టోబరులో కౌలాలంపూర్‌లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దల సమక్షంలో ఒక దారి గీశారు. ఐఎస్ఎల్ అగ్రస్థానం, 2022-23 నుంచి ఐ-లీగ్ విజేతకు పైకి వెళ్లే హక్కు, లీగ్‌లో చోటు కోసం కట్టే ఫ్రాంచైజీ రుసుము లేకుండా. అక్కడి నుంచి ఐ-లీగ్ రెండో అంచె. పాత రెండో డివిజన్ తర్వాత ఐ-లీగ్ 2 పేరుతో మూడో అంచె అయింది. 2023లో దాని కింద ఐ-లీగ్ 3 కూడా పెట్టారు.

ఈనాటి లెక్కన మనవడిదే గెలుపు. మీ బాపుగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి.

పట్టాల పక్క ఇల్లు
మాస్టారూ, చరిత్ర బాగానే చెప్పారు. ఒక్క సందేహం. ఐ-లీగ్ కింది అంచెకు ఎందుకు పోయింది? ఆటలో ఓడిపోయా?

లెక్కల మాస్టారు
లేదు. ఏ జట్టూ ఏ మ్యాచూ ఓడనక్కర్లేకుండానే లీగ్ మొత్తం ఒక మెట్టు దిగింది. 2010 డిసెంబరులో భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐఎంజీ-రిలయన్స్ కంపెనీతో 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ఐఎస్ఎల్ ఆ ఒప్పందం కడుపున పుట్టింది. డబ్బు, టీవీ, పేరున్న విదేశీ ఆటగాళ్లు అటు చేరారు. చివరికి కాగితం మీద కూడా అదే పైదని రాసేశారు.

హనుమకొండ వాస్తవ్యుడు
ఇదంతా బాపుకు చదివి వినిపించాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఒకే మాట అన్నారు: "ఛార్జిషీటు ఇవ్వకుండా రివర్షనా? ఏ రూలు కింద?"

రైల్వేలో నలభై ఏళ్లు చేసిన మనిషి. హోదా తగ్గించాలంటే విచారణ జరగాలి, సంజాయిషీ అడగాలి, కాగితం మీద సంతకం పడాలి. ఇవేవీ లేకుండా ఒక లీగ్ లీగునే కిందికి దింపారంటే ఆయనకు మింగుడు పడటం లేదు. పందెం ఓడానని ఇంకా ఒప్పుకోలేదు.

పట్టాల పక్క ఇల్లు
పెద్దాయనకు నా ఓటు. అన్నా, ఆయన కాలపు సంగతులు కూడా రాయండి. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని రైల్వే జట్టు మూడుసార్లు గెలిచింది. ఆ రోజుల్లో షెడ్డులో వాటి గురించే మాట్లాడుకునేవారని మా పెదనాన్న చెప్పేవాడు.

ఆరో నంబరు గని
బెల్లంపల్లి నుంచి ఒక మాట. మాస్టారు లీగ్ చరిత్ర చెప్పారు గానీ అసలు చచ్చిపోయింది ఏమిటో చెప్పలేదు. కంపెనీ జట్లు.

మొట్టమొదటి జాతీయ లీగ్ గెలిచింది ఎవరు? జేసీటీ. అంటే జగత్‌జిత్ కాటన్ టెక్స్‌టైల్. పంజాబ్‌లో ఫగ్వారా అనే ఊళ్లో బట్టల మిల్లు. కలకత్తా కాదు, గోవా కాదు, ఒక మిల్లు జట్టు! మన వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు ఉండేది కదా, అలాంటిదే అనుకోండి. మనది 2002లో మూతపడింది. అక్కడ 2011లో మిల్లువాళ్లు జట్టును మూసేశారు. అంతకు ముందు ఏడాది మహీంద్రా యునైటెడ్ పోయింది. వాళ్లు 2005-06 జాతీయ విజేతలు. తర్వాత ఎయిర్ ఇండియా, ఓఎన్‌జీసీ. ఈ రెండింటినీ 2013లో క్లబ్ లైసెన్సు నిబంధనలు తీర్చలేదని పక్కన పెట్టారు. ఓఎన్‌జీసీ అంతకు మూడేళ్ల ముందు రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చిన జట్టు.

మా నాన్న సింగరేణిలో పనిచేస్తూ వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ తరఫున ఏరియాల మధ్య పోటీలకు ఆడేవాడు. లెఫ్ట్ బ్యాక్. రాత్రి షిఫ్టు దిగి, ముఖం మీది బొగ్గు సగమే కడుక్కుని గ్రౌండుకు వెళ్లేవాడని అమ్మ ఇప్పటికీ తిడుతుంది. ఒక ఏడాది గెలిచినందుకు మూడు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్ ఇచ్చారు. మూత మీద సుత్తితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: "ఫుట్‌బాల్ విన్నర్". నేను బడికి అందులోనే అన్నం తీసుకెళ్లేవాణ్ని. ఆటగాడికి నెల జీతం ఉండేది, క్వార్టర్ ఉండేది, మోకాలు పోతే ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు రెండో అంచెలో ఆడే కుర్రాడికి పది నెలల కాంట్రాక్టు ఉంటే గొప్ప.

విసిగిన అభిమాని
గని అన్నా, పాత కంపెనీలను తలుచుకుని కన్నీళ్లు దేనికి? కంపెనీ జట్టును చూడటానికి ఎవడొచ్చాడు? ఊరు పేరుంటేనే జనం వస్తారు.

ఆ మాటకొస్తే ఊరు పేరున్నా దిక్కులేదు. నేను ఐఎస్ఎల్‌లో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానిని. 2019లో పుణె జట్టు పోతే ఆ ఖాళీలో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద 1-1, తర్వాత పెనాల్టీలు. మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి హంటర్ రోడ్డులో బండి మీద నేనూ నా దోస్తూ పసుపు జెండా పట్టుకుని తిరుగుతుంటే, ఏ పార్టీ గెలిచిందని ఒక హోటలాయన అడిగాడు. నాలుగేళ్లు తిరక్కముందే ఆ జట్టు ఢిల్లీ పోయి పేరు మార్చుకుంది. పుణె ఖాళీలో వచ్చింది, ఢిల్లీకి బదిలీ అయింది. పెద్దాయనకు చెప్పండి, ఇది రివర్షన్ కాదు, ట్రాన్స్‌ఫర్.

అందుకే ఇక ఏ లీగూ చూడనని ఒట్టు పెట్టుకున్నాను.

లెక్కల మాస్టారు
ఒట్టు పెట్టుకున్నవారు మా చర్చలో ఏం చేస్తున్నారో మరి.

మీ బాధ అర్థమైంది. అయితే కొనుక్కొచ్చిన చోటు మళ్లీ అమ్ముడుపోతుంది. ఆడి సంపాదించిన చోటు అలా కాదు. రెండో అంచె చరిత్రంతా ఈ తేడాలోనే ఉంది. మిజోరం జట్టు ఐజాల్ సంగతి చూడండి. 2015లో రెండో డివిజన్ గెలిచి ఐ-లీగ్‌కు వచ్చింది. మొదటి ఏడాదే కిందికి జారింది. ఇంతలో గోవా క్లబ్బులు కోపంతో తప్పుకోవడంతో ఖాళీ ఏర్పడి, ఐజాల్‌ను మళ్లీ పిలిచారు. 2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో అక్కడి జట్టు లజోంగ్‌తో 1-1. ఆ ఒక్క పాయింటుతో దేశానికే విజేత! కోచ్ ఖాలిద్ జమీల్. ఇప్పుడు భారత జట్టు కోచ్.

2011 జనగణన ప్రకారం మిజోరం జనాభా 11 లక్షలకు కాస్త తక్కువ. పాత వరంగల్ జిల్లాది 35 లక్షలు. ములుగు నుంచి జనగామ దాకా మూడు మిజోరాలున్నాం మనం. ఐ-లీగ్ 3 స్థాయి జట్టు ఒక్కటి కూడా లేదు.

విసిగిన అభిమాని
జనాభా గోల్ కొట్టదు మాస్టారూ. అక్కడ ప్రతి వాడకూ ఒక గ్రౌండు. ఇక్కడ ఉన్న గ్రౌండులో సంక్రాంతికి ఎగ్జిబిషన్, ఎన్నికలప్పుడు సభ, మిగతా రోజుల్లో కార్ల డ్రైవింగ్ క్లాసులు.

కాకతీయ తోరణం 84
ఆలస్యంగా చూశాను. నేను ఎనభైల్లో ఇక్కడి ఆర్‌ఈసీలో (ఇప్పటి ఎన్‌ఐటీ) చదివాను. అప్పట్లో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వాళ్లవి కాబట్టి హాస్టల్ నిండా బెంగాలీలు, మలయాళీలు, ఈశాన్యం వాళ్లు. మన ఊరి ఫుట్‌బాల్ గురించి ఎవరూ ఈ ముక్క చెప్పరు గానీ, సాయంత్రం ఆ గ్రౌండులో ఆడిన ఆట ఈ జిల్లాలో నేను మరెక్కడా చూడలేదు.

మా రూములో ఇద్దరు కలకత్తా వాళ్లు. ఒకడు ఈస్ట్ బెంగాల్, ఇంకొకడు మోహన్ బగాన్. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప వండాలి, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఇలిష్ అంటే మన పులసే. వరంగల్‌లో పులస ఎక్కడిది? భద్రకాళి చెరువు బొచ్చె తెచ్చి, ఆవాలు నూరి పెట్టి, ఇదే ఇలిష్ అనుకుని తినేవాళ్లం. ముళ్లు మాత్రం నిజం.

మూడో కలకత్తా క్లబ్బు మహమ్మడన్ స్పోర్టింగ్ వైపు మా వింగ్‌లో ఒకే ఒక్కడు ఉండేవాడు. వాడి జట్టు గెలిచినా వండిపెట్టేవాడు లేడు. 1891లో పుట్టిన ఆ క్లబ్బు తర్వాత రెండో అంచెకూ మొదటి అంచెకూ మధ్య ఎక్కుతూ దిగుతూ ఎన్నేళ్లు గడిపిందో! రెండో డివిజన్ 2020లో గెలిచి ఐ-లీగ్‌కు చేరింది. 2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో 2-1తో ఐ-లీగ్ గెలిచి ఐఎస్ఎల్‌కు వెళ్లింది. ఆ రాత్రి పదకొండింటికి ఫోను మోగింది. నలభై ఏళ్ల తర్వాత వాడే. "ఒరే, ఇప్పుడు వండు" అన్నాడు, బెంగాలీ యాస తెలుగులో.

పట్టాల పక్క ఇల్లు
సార్, అదే రోజు మనవాళ్ల ఆశ పోయింది, గుర్తుందా? ఆ సీజన్లో రెండో స్థానం మన హైదరాబాద్ జట్టు శ్రీనిధి దక్కన్‌ది. అంతకు ముందు ఏడాది కూడా రెండో స్థానమే. అప్పుడు రౌండ్‌గ్లాస్ పంజాబ్ గెలిచి, ఐ-లీగ్ నుంచి ఐఎస్ఎల్‌కు ఎక్కిన తొలి జట్టు అయింది. పైకి వెళ్లేది ఒక్కరే. రెండుసార్లూ గడప దాకా వెళ్లి ఆగిపోయారు.

ఆ జట్టును చూడటానికి నేనూ మా తమ్ముడూ ఒకసారి వెళ్లాం. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి మెహిదీపట్నం, అక్కడి నుంచి మొయినాబాద్ దారిలో అజీజ్‌నగర్. ఆట చూసింది గంటన్నర, ప్రయాణం తొమ్మిది గంటలు. పచ్చిక మాత్రం చూసి తీరాలి. మా తమ్ముడు కంచె సందులోంచి చెయ్యి పెట్టి గడ్డిని తడిమి చూశాడు. జనం ఎంత పలుచగా ఉన్నారంటే, పోర్చుగల్ కోచ్ గీత దగ్గర నిలబడి అరిచే ప్రతి మాటా వినబడింది. ఒక్కటీ అర్థం కాలేదు. తిట్లేమో మాత్రం పోల్చుకున్నాం.

విసిగిన అభిమాని
శ్రీనిధి ఏ రెండో డివిజన్ ఆడి వచ్చింది? అది కూడా బిడ్డు వేసి నేరుగా దిగిన జట్టే. పైగా 2020లో బిడ్డు వేసింది విశాఖపట్నం పేరు మీద. 2021-22లో ఆడటం మొదలుపెట్టి ఆ తర్వాత హైదరాబాద్‌లో తేలింది. మాస్టారి సిద్ధాంతానికి ఇక్కడే గండి పడింది.

లెక్కల మాస్టారు
గండి పడింది, ఒప్పుకుంటున్నాను. బెంగళూరు ఎఫ్‌సీ కూడా 2013లో అలాగే నేరుగా వచ్చి, వచ్చిన ఏడాదే గెలిచింది. నా మాటను కొంచెం సర్దుకుంటాను: వచ్చిన దారి ఏదైనా, వచ్చాక ఓడితే దిగాలి, గెలిస్తే ఎక్కాలి. పంజాబ్, మహమ్మడన్ అలా ఎక్కినవే.

విసిగిన అభిమాని
గెలిస్తే ఎక్కాలా? 2024-25లో ఎవరు గెలిచారో మీరే చెప్పండి చూద్దాం.

లెక్కల మాస్టారు
ఇక్కడ పట్టేశారు.

తెలియనివారి కోసం చెబుతాను. ఆఖరి రోజుకు గోవా జట్టు చర్చిల్ బ్రదర్స్ 40 పాయింట్లు, ఇంటర్ కాశీ 39. కానీ జనవరిలో కాశీ, నామ్‌ధారి అనే జట్టు చేతిలో 0-2తో ఓడిన మ్యాచులో అవతలివాళ్లు ఆడించకూడని ఆటగాణ్ని ఆడించారని ఫిర్యాదు. సమాఖ్య క్రమశిక్షణ సంఘం కాశీ వైపు తీర్పిచ్చింది. అప్పీళ్ల సంఘం దాన్ని తిప్పేసింది. ట్రోఫీ చర్చిల్ చేతికిచ్చారు. కాశీ స్విట్జర్లాండులోని క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2025 జులైలో విజేత కాశీయేనని అక్కడ తేలింది. గోవాలో సంబరాలు అయిపోయిన మూడు నెలలకు.

హనుమకొండ వాస్తవ్యుడు
ఈ పోస్టు వినగానే బాపు ముఖం వెలిగిపోయింది. "చూశావా, విచారణ జరిగింది, అప్పీలు జరిగింది, పైకోర్టు జరిగింది. ఇదీ పద్ధతి" అన్నారు. మనవడు మాత్రం, మూడు నెలలు ట్రోఫీ ఎవరింట్లో ఉంది తాతా అని అడుగుతున్నాడు.

ఆరో నంబరు గని
గోవా క్లబ్బు దెంపో గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి. అయిదుసార్లు జాతీయ విజేత. 2015లో కిందికి జారి, మరుసటి ఏడాదే రెండో డివిజన్ గెలిచి, ఆ తర్వాత మాకొద్దు ఈ లీగ్ అని బయటికి నడిచింది. మాస్టారు కోపంతో తప్పుకున్న గోవా క్లబ్బులన్నది వాళ్ల గురించే. ఎనిమిదేళ్ల తర్వాత, 2024-25లో మళ్లీ ఐ-లీగ్‌కు వచ్చింది. అంటే మొదటి అంచెగా వదిలిన లీగుకు రెండో అంచెగా తిరిగొచ్చింది. వలస పోయి వచ్చేసరికి ఇల్లు వెనక వాడకు జరిగినట్టు!

ఇందూరు పీఈటీ
ఇంతసేపటి నుంచి చదువుతున్నాను. ఇంతమంది అన్నలు, ఇంత చరిత్ర, ఆడపిల్లల ఊసే లేదు.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. గోకులం కేరళకు ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు వెళ్లొచ్చింది, ఇప్పుడు ఈస్ట్ బెంగాల్. ఉత్తర తెలంగాణ నుంచి ఈ ఆటలో అంత పైకి వెళ్లిన మగవాళ్ల పేరు చెప్పండి, ఎదురు చూస్తాను.

మహిళల లీగుకు కూడా 2023-24 నుంచి రెండో అంచె ఉంది. దాని గురించి మా బడిలో చెబితే ఒక తల్లి అడిగింది: "రెండో అంచె అంటే హాస్టల్లో గది ఇస్తారా టీచర్, తలుపుకు గొళ్లెం ఉంటుందా?" మీ ప్రమోషన్లు, అప్పీళ్ల కంటే ముందు నేను జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది. గత వేసవిలో మా పిల్లలను ఒక టోర్నమెంటుకు తీసుకెళ్తే, బస ఇచ్చిన ఫంక్షన్ హాలులో రాత్రి కరెంటు పోయింది. పదహారు మంది పిల్లలకు ఒక్క బాత్రూము. తెల్లవార్లూ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని నేనే కాపలా.

విసిగిన అభిమాని
టీచర్ గారూ, మగవాళ్ల పేరు నా దగ్గర లేదు. ఒప్పుకున్నాను.

కాకతీయ తోరణం 84
హైదరాబాద్ దాటి ఇటు రాలేదమ్మా ఆట. అక్కడ కోచ్ రహీం సాబ్ కాలంలో ఎందరో! ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. భారత జట్టుకు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయన శిక్షణలోనే. ఆ వెలుగు నూటనలభై కిలోమీటర్ల రైలు దారి దాటి కాజీపేట చేరడానికి లీగ్ అనే నిచ్చెన అప్పట్లో లేదు. నిచ్చెన వేసేసరికి వెలుగే లేదు.

హనుమకొండ వాస్తవ్యుడు
చర్చ ముగించే ముందు ఫలితం చెప్పాలి కదా. నిన్న సాయంత్రం బాపు నన్ను పిలవకుండా మనవణ్ని తీసుకుని ఆటోలో హనుమకొండ చౌరస్తాకు వెళ్లారు. వీడి సైజు ఆరు. ఎదిగే కాలు అంటూ ఏడు కొన్నారు. రైల్వేలో యూనిఫాం కూడా అలాగే తీసుకునేవారు. ఇప్పుడు వాడు ముందు వైపు పాత పేపరు కుక్కి ఆడుతున్నాడు. ఓడిపోయినట్టేనా బాపూ అని అడిగితే, "పందెం విచారణలో ఉంది, ఇది అడ్వాన్సు" అన్నారు.

పాత బూట్లు పారేయలేదు. ట్యూబు ముక్కతో సహా వాడి గోల్‌కీపర్ దోస్తు పట్టుకెళ్లాడు.

పట్టాల పక్క ఇల్లు
శుభం. ఆదివారం పొద్దున ఆరున్నరకు మేం పెద్దవాళ్లం కొందరం రైల్వే గ్రౌండులో ఆడుతున్నాం. పిల్లవాణ్ని తీసుకురండి. పెద్దాయనకు కుర్చీ వేయిస్తాం. మాకు ఒక గోల్‌కీపర్ తక్కువ.

విసిగిన అభిమాని
గ్లవ్స్ ఉన్నాయి, నేనొస్తాను. మొరం వైపు గోల్ మాత్రం నాకివ్వకండి.